ఆ బొమ్మలు నల్గొండలో కూడా పది రోజులు ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నల్గొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఫొటో ఫ్రేమ్‌ల షాపు నడుపుతాను. 29 ఏళ్లయింది. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, రిటైరైనవాళ్లకు ఇచ్చే సన్మాన పత్రాలు, పోయినవాళ్ల ఫొటోలు, వీటితోనే నా బతుకు గడిచింది. పేపర్‌కు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైనా మొత్తం వేయండి, చోటు లేకపోతే నేను చివర్లో అడుగుతున్నదన్నా వేయండి.

మూడు నెలలుగా నా షాపులో ఎక్కువగా ఒకే అమ్మాయి పని నడుస్తోంది. మొత్తం 34 బొమ్మలు. సంక్రాంతి పోయాక హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో ఆమె ఒక్కతే పెడుతున్న మొదటి ప్రదర్శన, సోలో షో అంటారు, దానికి ఫ్రేమ్‌లు కట్టే పని నాకిచ్చింది. అమ్మాయికి 30 ఏళ్లు నిండలేదు, ఊరు మర్రిగూడ వైపు, ఉండేది నల్గొండలో. పేరు రాయొద్దని అడిగింది, అందుకని రాయడం లేదు. నన్ను కాకా అంటుంది, నేను బిడ్డా అంటాను, చుట్టరికం ఏమీ లేదు.

ఆమె వేసేవి మనం ఇళ్లల్లో గోడకు పెట్టుకునే బొమ్మల్లాంటివి కావు. కామిక్స్. ఒక్కో పెద్ద కాగితం మీద ఆరో ఎనిమిదో తొమ్మిదో గడులు, గడికొక బొమ్మ, మనుషుల నోటి దగ్గర మాటల బుడగలు, బిందె పడితే 'ఠణ్' అని పెద్ద అక్షరాలు, పరుగెత్తితే వెనక గీతలు. పాళీతో, ఇంకుతో గీస్తుంది, రంగు అవసరమైనచోటే వేస్తుంది. మొదట రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచినప్పుడు, ఇది పుస్తకంలో ఉండాల్సింది గదా, గోడకెందుకు అనుకున్నాను. పైకి అనలేదు కానీ నా మొహం చూసి ఆమెకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు ఒక సారు కూడా అదే మాట అన్నారట, ఇది పెయింటింగ్ కాదు, పిల్లల పుస్తకానికి వేసే బొమ్మ అని. ఆ మాట ఆమె మనసులో ఎనిమిదేళ్లుగా ఉంది.

మా షాపు చిన్నది. చుట్టూ అట్ట కోసి పెట్టిన బొమ్మల్ని పెట్టడానికి చోటు లేక గోడకు ఆనించి వరసగా నిలబెడతాను. అట్ల నిలబెట్టినప్పటి నుంచి నేను చూసింది చెప్తాను, ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఒక ఆటో డ్రైవర్ కొడుకు ఫొటో తీసుకుపోవడానికి వచ్చాడు. ఆటో రోడ్డు మీదే ఆపి, ఇంజన్ కూడా బంద్ చేయకుండా లోపలికొచ్చి, ఒక బొమ్మ చూసి, దాని పక్కది చూసి, తర్వాతది చూసి, నాలుగోది అయిపోగానే నా వైపు తిరిగి, "తర్వాత ఏమైందన్నా?" అని అడిగాడు. ఐదో బొమ్మ అప్పటికి నా దగ్గరికి రాలేదు. 29 ఏళ్లలో నా షాపులో ఒక పటం చూసి 'తర్వాత ఏమైంది' అని అడిగిన మనిషి ఆయనే. ఆయన మళ్లీ వారం తర్వాత వచ్చాడు, ఫొటో కోసం కాదు, ఐదో బొమ్మ కోసం.

ఇంకొకామె చండూరు నుంచి వచ్చింది, అత్త పోయి పది రోజులు. అత్తది ఒక్క ఫొటో కూడా లేదు, ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించి తెచ్చింది. మా దగ్గరికి వచ్చే పోయినవాళ్ల ఫొటోల్లో ఇప్పుడు చాలావరకు అట్లాంటివే, ముసలివాళ్లకు ఆధార్ కోసమే మొదటిసారి, చివరిసారి ఫొటో దిగడం. ఆమె పటం సైజు చెప్తూ చెప్తూ ఆగిపోయి, గోడకున్న బొమ్మ ముందు కూర్చుంది. కింద కూర్చుంది, స్టూల్ ఇచ్చినా తీసుకోలేదు. చదువు రాదు, మాటల బుడగలు నన్ను చదవమంది. చదివాను. అంతా అయ్యాక, "మా అత్తను ఇట్ల గీస్తదా ఆ పిల్ల?" అని అడిగింది.

ఆ బొమ్మలో ఏముందో చెప్పాలి. నల్గొండ జిల్లా అంటే బయటివాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని లెక్క, మా దగ్గర ఎన్నో ఊళ్లల్లో అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తరాల తరబడి తాగారు. ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు గట్టిపడి కీళ్లు బిగుసుకుపోతాయి, నడుం వంగుతుంది, మెడ తిరగదు. నాగ్‌పూర్‌లో పర్యావరణం మీద పరిశోధన చేసే నీరి సంస్థ 1970ల్లో పటికా సున్నం కలిపి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతి ఒకటి తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది, వేరే దేశాల్లో కూడా ఆ పేరుతోనే చెప్తారు. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ తగ్గింది, వంగిపోయిన ముసలివాళ్లు మాత్రం అట్లనే ఉన్నారు. ఈ అమ్మాయి నాయనమ్మ వాళ్లలో ఒకామె. ముప్పావు వంతు బొమ్మల్లో ఉన్నది ఆమే.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి ఎడిటర్ గారూ, తప్పుగా అనుకోవద్దు. ఫ్లోరైడ్ బాధితుల ఫొటోలు నేను పేపర్లలో నలభై ఏళ్లుగా చూస్తున్నాను. అన్నీ ఒకే తీరు. మనిషి కింద పడుకునో కూర్చునో ఉంటాడు, ఫొటో తీసినాయన నిలబడి పైనుంచి తీస్తాడు. చూసినవాళ్లకు అయ్యో అనిపిస్తుంది, పేజీ తిప్పుతారు. ఈ అమ్మాయి చేసిందేమిటంటే, కామిక్స్‌లో వీరుణ్ని ఎట్ల చూపిస్తారో అట్ల చూపించింది, కింది నుంచి. చూసేవాళ్ల కళ్లు నేల మీద ఉంటాయి, ఆకాశం నిండా ఆ ముసలామె. నడుం వంగే ఉంది, దాన్ని నిటారు చేయలేదు, వంకర కాళ్లు వంకరగానే ఉన్నాయి. అయినా ఆమె బిందె ఎత్తుతుంటే చుట్టూ గీతలు కొడతాయి, పిడుగు పడ్డట్టు. చండూరు నుంచి వచ్చినామె చూసింది దాన్నే.

ఈ బొమ్మతోనే నేనొక తప్పు చేశాను. మౌంట్ అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, మధ్యలో కిటికీలాగా కోస్తాం, అది బొమ్మ అంచును అర అంగుళం కప్పుతుంది, ఎప్పుడూ చేసే పనే. కోసి పెట్టి చూపించాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కాకా, నాయనమ్మ చెయ్యి గడి దాటి బయటికొచ్చింది సూడు, దాన్ని నువ్వు అట్ట కింద పెట్టినవ్, ఇగ ఆమె బిందె ఎత్తనట్టే" అంది. చూస్తే నిజమే, మోచేయి, నాలుగు వేళ్లు గడి గీత దాటి తెల్లకాగితం మీదికి వచ్చాయి, నేను దాన్ని అంచు అనుకున్నాను. గడికీ గడికీ మధ్య ఉండే తెల్లజాగాను ఆమె సందు అంటుంది. ఒక గడిలో నాయనమ్మ బిందె పట్టుకుని బోరు దగ్గర ఉంటుంది, పక్క గడిలో ఇంటి గడప దగ్గర ఉంటుంది, మధ్యలో కిలోమీటరున్నర నడక మొత్తం ఆ సందులోనే ఉంది, ఆ నడక చూసేవాళ్లే నడవాలి అని చెప్పింది. నేనింతకాలం పటాలకు చుట్టూ ఖాళీ వదిలాను, ఎంత వదిలితే అందంగా ఉంటుందో తెలుసు, ఆ ఖాళీలో మనిషి నడుస్తాడని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆ మౌంట్ పారేసి కొత్తది కోశాను, బొమ్మ పూర్తిగా కనబడేట్టు, కాగితం నాలుగంచులు కూడా కనబడేట్టు.

ఒక సోలో షో వెనక ఎంత పని ఉంటుందో నాకు ఇదివరకు తెలియదు. బొమ్మలు అయిపోతే అయిపోయినట్టే అనుకునేవాణ్ని. మామూలు అట్ట పెడితే కొన్నేళ్లకు కాగితం పచ్చబడుతుందని యాసిడ్ లేని అట్ట తెప్పించాం, అది నల్గొండలో దొరకలేదు. బొమ్మను అట్టకు అతకడానికి టేప్ వాడొద్దంది, పల్చటి కాగితం ముక్కలు, గోధుమపిండి జిగురు. ఇంకు అద్దానికి తగలకుండా మధ్యలో సన్నటి పట్టీ. వానాకాలంలో తేమకు రెండు కాగితాలు అలలు తిరిగాయి, ఒకటి బరువు కింద పెడితే సాపైంది, ఇంకొకటి మళ్లీ గీసింది, మొత్తం తొమ్మిది గడులూ, ఏడు రాత్రులు. ఒక్కో ఫ్రేమ్‌కు నేను 1,400 తీసుకుంటున్నాను, 33 ఫ్రేమ్‌లకు 46,200 (34వ బొమ్మకు ఫ్రేమ్ లేదు, ఎందుకో కింద చెప్తాను), నాకు మిగిలేది పెద్దగా లేదు, ఆమెకైతే అది పెద్ద మొత్తమే. పెళ్లిళ్లలో వచ్చినవాళ్ల మొహాలు అక్కడికక్కడ గీసి ఇస్తుంది, బడి గోడల మీద బొమ్మలు వేస్తుంది, ఆ డబ్బులే వాయిదాల్లో తెచ్చి ఇస్తోంది. బొమ్మలకు రేట్లు పెట్టమని గ్యాలరీవాళ్లు అడిగారట, ఆ రోజు వచ్చి నా షాపులో చాలాసేపు కూర్చుంది. పన్నెండో బొమ్మ నుంచి పదిహేడో బొమ్మ దాకా ఒకే కథ, ఎవరన్నా పధ్నాలుగోది ఒక్కటే కొనుక్కుపోతే? చివరికి ఆ ఆరూ కలిపే అమ్ముతానని రాసిచ్చింది. అట్లయితే అమ్ముడుపోవడం కష్టమని వాళ్లన్నారు, ఆమెకూ తెలుసు.

మాటల బుడగల గురించి కూడా పెద్ద గొడవే అయింది. గోడ మీద తెలుగు ఉంటే కొనేవాళ్లు చదవలేరు, ఇంగ్లిష్‌లో రాయండి అని వాళ్లు సలహా ఇచ్చారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, నేను తప్పుపట్టను. ఈమె మాత్రం ఒప్పుకోలేదు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్క వరసకు ఇంగ్లిష్ అక్షరం కంటే ఎక్కువ ఎత్తు కావాలి, అందుకే తెలుగులోకి మార్చిన కామిక్స్‌లో అక్షరాలు చీమల్లాగా బుడగల్లో ఇరుక్కుని ఉండేవి. ఈమె ముందు మాట రాసుకుని, ఆ మాటకు సరిపోయే బుడగ గీసి, ఆ తర్వాత మిగిలిన జాగాలో మనిషిని గీస్తుంది. మాట తీసేస్తే బొమ్మే మారిపోతుంది. పైగా నాయనమ్మ మాట్లాడేది మర్రిగూడ మాట. "ఏడికి పోతున్నవే, జర నిలవడు" అనే ముసలామె నోట్లో ఇంగ్లిష్ పెడితే ఆమె ఎవరో అయిపోదా? చివరికి బొమ్మలు బొమ్మల్లాగే ఉంటాయి, ఇంగ్లిష్ అర్థం విడిగా ఒక కాగితం మీద ఇస్తామని ఒప్పందం అయింది.

కామిక్స్‌ను గోడకెక్కించడం ఈమె కొత్తగా కనిపెట్టింది కాదు, ఆమే నాకు చెప్పింది. అమెరికాలో రాయ్ లిక్టెన్‌స్టైన్ అనే చిత్రకారుడు 1960ల మొదట్లో కామిక్ పుస్తకాల్లోంచి ఒక్కో గడి తీసుకుని, గోడంత పెద్దగా వేశాడు. 1963లో వేసిన 'వామ్!' నాలుగు మీటర్ల వెడల్పు ఉంటుంది, లండన్‌లో టేట్ మ్యూజియంవాళ్లు 1966లోనే కొన్నారు. దానికి ఆధారం 1962లో వచ్చిన ఒక యుద్ధం కామిక్, ఆ గడి గీసింది ఇర్వ్ నోవిక్ అనే ఆయన. లిక్టెన్‌స్టైన్ పేరు ప్రపంచమంతా తెలుసు, నోవిక్ పేరు కామిక్స్ ఇష్టపడేవాళ్లకు తప్ప తెలియదు. "ఆయన గడిని కథలోంచి కోసి గోడకు పెట్టిండు కాకా, నేను కథను కోయకుండ గోడకు పెడుతున్న" అంది. ఆ ఒక్క మాటతో ఆమె ఏం చేస్తోందో నాకు పూర్తిగా అర్థమైంది.

ఆ లిక్టెన్‌స్టైన్ బొమ్మల నిండా చుక్కలుంటాయి, చవక అచ్చులో రంగు చుక్కలుగా పడుతుంది గదా, అవి. ఈమె కూడా నాయనమ్మ చీరకు ఎర్రచుక్కలు పెట్టింది, ఒక్కొక్కటి చేత్తో. నా దగ్గర ఉన్న భూతద్దం పెట్టి చూపించింది, ముందు తన బొమ్మ మీద, తర్వాత బల్ల మీదున్న పేపర్ మీద. పేపర్లో ఉన్న కలర్ ఫొటో కూడా చుక్కలే. మీరూ ఒకసారి పెట్టి చూడండి. ఆమెకు మొదట్లో బొమ్మలు దొరికింది కూడా కొత్త పుస్తకాల షాపులో కాదు, వాళ్ల చిన్నాయన పాత పేపర్లు కొనే షాపులో. బస్తాల్లోంచి పాత చందమామలు, అమర చిత్ర కథలు ఏరుకుని, తూకానికి పోకముందే చదివేసేది. చందమామ 1947 జులైలో మొదలైంది, ఆగిపోయి పదేళ్లు దాటింది. భుజాన బేతాళుణ్ని వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుణ్ని గీసిన శంకర్ గారు 2020లో పోయారు. ఆ ఒక్క బొమ్మను చూసి చెయ్యి తిప్పడం నేర్చుకున్నానని అంటుంది. బరువు మోస్తూ నడిచే మనిషి ఆమె బొమ్మల్లో అందుకే అంత బాగా వస్తాడేమో, బేతాళుడి బదులు బిందె.

మాది పద్మశాలీల ఇల్లు. నా చిన్నప్పుడు మా వాడకు కథ పాడే కూనపులివాళ్లు వచ్చేవారు, మార్కండేయ పురాణం పటం పట్టుకుని. తెలియనివాళ్లకు చెప్తాను, చేర్యాల నకాషీవాళ్లు వేసే పటం అది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూసి ఆరబెట్టి దాని మీద వేస్తారు, వెనక అంతా ఎరుపు. అడుగులకొద్దీ పొడుగు, చుట్టి తెచ్చేవారు. రాత్రి దీపం పెట్టి, రెండు గుంజలకు కట్టి, కథ నడిచినకొద్దీ కిందికి విప్పుతూ, పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడేవారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, చెప్పేవాళ్లు వేరు, డక్కలివాళ్లది జాంబపురాణం, కాకిపడగలవాళ్లది పాండవుల కథ. అడ్డంగా గీత, గీతకూ గీతకూ మధ్య ఒక బొమ్మ, తర్వాత ఇంకో గీత. ఈ అమ్మాయి గడులు చూసినప్పుడు మొదట నాకు పుస్తకం గుర్తొచ్చింది, తర్వాత తర్వాత ఆ పటం గుర్తొచ్చింది. ఆమెకు చెప్తే ఆమె కళ్లు మెరిశాయి, ఎందుకంటే 34వ బొమ్మ అప్పటికే మొదలుపెట్టింది, పద్నాలుగు అడుగుల గుడ్డ మీద, చింతగింజలు నానబోసి రుబ్బి. దానికి నేను ఫ్రేమ్ కట్టను, కట్టకూడదు. పైనా కిందా గుండ్రటి టేకు కర్రలు పెడుతున్నాను, చుట్టడానికి.

ఇంకొకటి, పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ గోడల మీద రామాయణ, భారత కథలు వరసగా చెక్కి ఉంటాయి, ఒకటి చూసి పక్కదానికి జరగాలి. పిల్లల్ని తీసుకుని ఎన్నిసార్లు పోయానో, ఎప్పుడూ గుడి చూశాను కానీ కథ చదవలేదు. ఈసారి ఆ అమ్మాయి వెంట పోయి చదివాను, మధ్యాహ్నం అంతా పట్టింది.

మన ఉమ్మడి జిల్లా బొమ్మలకు గొడ్డుబోయిన జిల్లా కాదు. రాష్ట్రం రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ గారిది కదిరేనిగూడెం. కులం మీద అంత గట్టిగా కార్టూన్లు వేసి 2014లో కన్నుమూసిన శేఖర్ గారిది సూర్యాపేట. అదే 2014లో పోర్చుగల్‌లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ మన తెలుగాయన పామర్తి శంకర్ గారికి వచ్చింది, మండేలా బొమ్మకు. వీళ్ల పేర్లు విని పిల్లలకు చెప్పుకోవడమే తప్ప వాళ్ల చేతిగీతను దగ్గర నిలబడి చూసే అవకాశం నల్గొండలో పెరిగే పిల్లకు ఎక్కడుంది? అచ్చులో చూడటం వేరు, పాళీ కాగితాన్ని గీరిన చోటు, తెల్లరంగుతో దిద్దిన చోటు, పెన్సిల్ సరిగ్గా చెరగని చోటు చూడటం వేరు. మా షాపులో పనికొచ్చే ఇంటర్ పిల్లాడు, మూడు నెలల క్రితం దాకా ఫోన్ తప్ప ఏమీ చూసేవాడు కాదు, ఇప్పుడు మౌంట్ కోయగా మిగిలిన అట్టముక్కల మీద గడులు గీస్తున్నాడు. వాడికి ఎవరూ నేర్పలేదు, చూశాడంతే.

అందుకే అడుగుతున్నాను. ఈ ప్రదర్శన హైదరాబాద్‌లో జరగాల్సిందే, అక్కడ కొనేవాళ్లున్నారు, రాసేవాళ్లున్నారు, ఆమెకు ఆ పేరు రావాలి. కానీ ఇక్కడి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. ఆటో డ్రైవర్ ఒక రోజు కిరాయి వదులుకుని పోడు. చండూరు ఆమె పోదు. పోయినా ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోవాలంటే ఎంత ధైర్యం కావాలో మాలాంటివాళ్లకు తెలుసు, టికెట్ లేదని చెప్పినా సరే. కూనపులివాళ్లు పటాన్ని మా వాడకు తెచ్చారు, మేం పటం ఉన్న ఊరికి పోలేదు. బొమ్మల్లో ఉన్న మనుషులు ఇక్కడున్నారు, ఆ మాటలు వినగానే అర్థమయ్యే చెవులు ఇక్కడున్నాయి, ఆ సందులో కిలోమీటరున్నర నడవగలిగేవాళ్లు ఇక్కడున్నారు.

ఇదంతా ఊరికే అడగడం కాదు, ముందు మేమే వెతికాం. ఒక ఫంక్షన్ హాల్ అడిగాం, ఒక్క రోజు కిరాయే మా చేతికందలేదు, పైగా గోడలకు పూల డిజైన్లు, మేకు కొట్టనివ్వరు. ఒక ఆఫీసు మీటింగ్ హాల్ కోసం అర్జీ రాసిస్తే, బొమ్మలకు ఇచ్చే పద్ధతి లేదన్నారు, అర్జీ తీసుకున్న ఆయన మంచిగానే మాట్లాడారు, ఆయన చేతిలో ఏమీ లేదు. ఒక బడివాళ్లు సెలవుల్లో అయితే ఇస్తామన్నారు, సెలవుల్లో పిల్లలుండరు, పిల్లలు లేకుండా ఈ బొమ్మలు పెట్టి ఏం లాభం. ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో ఖాళీ మడిగె చూశాం, పడమటి ఎండ నేరుగా లోపలికి పడుతోంది, పది రోజుల్లో రంగు వెలిసిపోతుంది.

కావాల్సింది పెద్దదేమీ కాదు. ఒక్కో ఫ్రేమ్ రెండడుగుల వెడల్పు, పక్కన అడుగు ఖాళీ, 33 ఫ్రేమ్‌లకు వంద అడుగుల గోడ. నాలుగు గోడలు కలిపైనా సరే. ఎండ నేరుగా పడకూడదు, వాన కారకూడదు. రాత్రి తాళం వేసుకునే వీలుండాలి. మేకులు కొట్టొద్దంటే పైన ఒక ఇనుప పట్టీ బిగించి తీగలతో వేలాడదీస్తాను, ఆ పట్టీ నా ఖర్చుతో బిగిస్తాను, అయిపోయాక అక్కడే వదిలేస్తాను, తర్వాత ఇంకెవరి బొమ్మలకన్నా పనికొస్తుంది. లైట్లకు మా షాపు పక్కన ఎలక్ట్రీషియన్ మాటిచ్చాడు. బొమ్మలు తీసుకుపోవడానికి చెక్క పెట్టెలు ఎట్లాగూ కడుతున్నాను. ఆటో డ్రైవర్ పెట్టెలు మోయడానికి వస్తానన్నాడు, ఇది ఆయన తనంతట అన్న మాట.

జిల్లా అధికారులు, గ్రంథాలయంవాళ్లు, కాలేజీల ప్రిన్సిపాళ్లు, సొంత హాల్ ఉన్న సంఘాలవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఫిబ్రవరిలో పది రోజులు ఒక గది ఇవ్వండి. బడి పిల్లలు వచ్చే రోజులైతే మరీ మంచిది. ఎడిటర్ గారూ, మీకూ ఒక విన్నపం. హైదరాబాద్‌లో ప్రదర్శన మొదలైన రోజు రిబ్బన్ కత్తిరించే ఫొటో ఎట్లాగూ వస్తుంది. దానికంటే ముందు మీ ఆదివారం పుస్తకంలో రాసే ఒకర్ని మా షాపుకు పంపండి, ఇంకో మూడు వారాలు ఆ బొమ్మలు ఇక్కడే ఉంటాయి, కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఏమనిపిస్తే అది రాయమనండి. బాగాలేదనిపిస్తే అదే రాయమనండి, ఆ అమ్మాయికి కావాల్సింది అదే, చదివినవాళ్లు చెప్పే మాట.

ఒక్క విషయం మిగిలింది. హైదరాబాద్ గ్యాలరీలో బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉండేట్టు వేలాడదీస్తారట, నిలబడ్డ మనిషి కంటికి సూటిగా. ఇక్కడ గది దొరికితే మూడున్నర అడుగుల దగ్గర పెట్టమని ఆ అమ్మాయి అడిగింది. నాయనమ్మ మెడ పైకి లేవదు. హైదరాబాద్ దాకా కారులో కూర్చోలేదు, నల్గొండ దాకా అయితే వస్తానంది. ఆమె తన బొమ్మ ఇంతవరకు ఒక్కటి కూడా చూడలేదు, ఫోన్లో చూపిస్తే కళ్లకు ఆనడం లేదంది. మూడున్నర అడుగుల దగ్గర గుర్తుపెట్టుకుని తీగలు అదే కొలతకు కోసి పెట్టాను.

నమస్కారాలతో,
ఫ్రేమ్‌ల షాపు నడిపే ఒక పాఠకుడు,
నల్గొండ